నీ ఒక్కడి ముఖానికి సరిపోయిన రంగు

చిన్నోడికి అక్క దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ బావా, అమ్మా బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే అమ్మ మాట వినడం లేదు. ఫోటో ల్యాబులో పెద్ద ప్రింటరు కొన్నాళ్ళు మొరాయించి మళ్ళీ దారికొచ్చింది. అక్కడ మీరిద్దరూ క్షేమమని తలుస్తాను అనే మాట ఇక్కడ రాయాలి. ఈసారి దాన్ని చివరికి అట్టేపెట్టాను. కారణం ఉంది, కోప్పడకు.

ఈ కవరు మీ బావ చేతికిచ్చి పంపుతున్నాను. ఆయనకి మీ ఊళ్ళో ఏదో పని పడింది. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోనులో నువ్వు సగం విని మిగతా సగానికి నవ్వుతావు. పైగా కవరులో ప్రింట్లు కూడా పెట్టాను. రంగుల సంగతి మాటల్లో తేలదని నీకు తెలిసిందే. నేను చెప్పేదాకా వాటిని బయటికి తియ్యకు. ఉత్తరం కూడా వరసగా చదువు, పేపరు చదివినట్టు వెనకనుంచి మొదలెట్టకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పెద్ద మానిటరు కొననా అని రాశావు. వద్దు. నీ దగ్గరున్నది మంచిదే. దాని తెరకి మెరుపు లేదు, పక్కనుంచి చూసినా రంగు మారదు, మన పనికి అంతకన్నా ఏం కావాలి? షాపువాడు నీకు చూపించిన ఆ కొత్తదాంట్లో ఆకాశం మరీ నీలంగా, పూలు మరీ ఎర్రగా కనిపించి ఉంటాయి. అమ్ముడుపోవడానికి అలా పెడతారు. మనకి ఉన్నది ఉన్నట్టు చెప్పే తెర కావాలి గానీ ముఖస్తుతి చేసేది కాదు. అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే మొహమాటపడకుండా వెనక్కి అడుగు.

ప్రింట్లు చీకటిగా వస్తున్నాయన్నావు. తప్పు ప్రింటరుది కాదు. తెర వెలుతురు నువ్వు ఆకాశానికెత్తి పెట్టుకున్నావు. దాని పక్కన ఏ కాగితం పెట్టినా నల్లగానే ఉంటుంది. వెలుతురు తగ్గించు. ఎడిటింగ్‌కి కూర్చునేటప్పుడు ఆ ఎర్ర చొక్కా వేసుకోకు, దాని నీడ తెరలో పడుతుంది. నవ్వకు, నేనూ ఒకసారి అలాగే ఒక పెళ్ళి ఆల్బమ్ మొత్తం చెడగొట్టాను. సీసాల్లో అమ్మే చవక ఇంకు జోలికి పోకు. కాగితం మార్చినప్పుడల్లా ఆ కాగితానికి తగిన రంగుల లెక్క, అదే ప్రొఫైలు, పెట్టుకో. మెరుపు కాగితానికి చేసింది గరుకు కాగితానికి పనికిరాదు, ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి తొడిగినట్టుంటుంది. ప్రింటు చేతికి రాగానే తీర్పు చెప్పకు, కాసేపు ఆరనియ్యి.

కాలిబ్రేటరు ఎందుకు కొనిపించానని మరదలు పిల్ల గొణిగిందట. అంత చిన్న పరికరానికి అంత డబ్బా అంది కదూ. తెర మీద వేలాడేసి రంగులు కొలవడం తప్ప అది ఇంకేమీ చెయ్యదు, నిజమే. కానీ మన కళ్ళున్నాయే, అవి పచ్చి అబద్ధాలకోర్లు. తెర రోజుకి కొంచెం చొప్పున పసుపు తిరుగుతుంటే కళ్ళు కూడా రోజుకి కొంచెం చొప్పున అలవాటు పడిపోతాయి. నెల తిరిగేసరికి ఆ పసుపే తెలుపు అని ఒట్టేసి చెబుతాయి. రోజూ చూసేవాళ్ళకే అసలు కనిపించదు. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇంక నీ పెద్ద ప్రశ్న. నువ్వు రాసిన వాక్యమే తిరిగి రాస్తున్నాను: 'అక్కా, నువ్వు పంపిన సెట్టింగ్ వేస్తే నా ఫోటో అద్దంలో చూసుకున్నట్టు ఉంటోంది. కస్టమర్ల ముఖాలు మాత్రం నీలం తిరుగుతున్నాయి. ఒకావిడ తన పాప ఫోటో చూసి, మా పిల్లకి ఊపిరాడనట్టుంది, మళ్ళీ తియ్యండి అంది. ఏ మిషను మార్చాలో చెప్పు.'

దీనికి జవాబు చెప్పాలంటే మొదటికి వెళ్ళాలి. నువ్వు ఫోటో షాపు తెరిచిన కొత్తలో, ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి ఎవరూ దొరక్క, నీ ఫోటో నువ్వే తీసుకుని పంపావు. తెల్ల చొక్కా, గడ్డం కింద రంగు తేడా పట్టిచ్చే బూడిదరంగు అట్ట. అన్నీ నేను చిలక్కి చెప్పినట్టు చెప్పినవే. ముఖం కొంచెం పసుపుగా వచ్చింది. గోడ రంగు ముఖం మీద పడుతోందన్నాను, నువ్వు గోడకి బూడిదరంగు వేయించావు. తర్వాతి ఫోటోలో పసుపు ఇంకాస్త పెరిగింది. బల్బులు మార్చమన్నాను, మార్చావు. ఆ తర్వాత ఇంకొంచెం. 'నా మానిటరుకి పచ్చకామెర్లు వచ్చాయక్కా' అని రాశావు. అది చదివి నేనూ మీ బావా పడీ పడీ నవ్వాం.

కాలిబ్రేటరు కొన్నాక కూడా పసుపు పోకపోయేసరికి నాకు విసుగొచ్చింది. నీ ముఖం తెర మీద పెట్టుకుని, చర్మంలోంచి పసుపు లాగేసి, బుగ్గలకి కాస్త ఎరుపు ఇచ్చి, దాన్నే ఒక సెట్టింగుగా చేసి నీకు పంపాను. అన్ని ఫోటోలకీ ఇదే వేసుకో, పీడ విరగడవుతుంది అన్నాను. ఆ ఫోటో అమ్మకి కూడా పెద్దది చేసి ఇచ్చాను. మంచం ఎదురుగా గోడకి తగిలించుకుని, 'కొత్త ఊరి నీళ్ళు పడ్డాయే వాడికి, ముఖం కళగా ఉంది' అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. నేను ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా ఇప్పుడు తల తిప్పుకుంటున్నాను.

ఎందుకో చెబుతాను. పోయిన ఉత్తరంతో పాటు షాపు బోర్డు కోసమని మీ ఇద్దరి ఫోటో పంపావు చూడు, ఎడిట్ చెయ్యకుండా, మధ్యలో ఆ బూడిదరంగు అట్ట పట్టుకుని. దాన్ని కంప్యూటర్లో తెరిచాను. అట్ట మీద మౌస్ నొక్కి చూశాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటి అంకెలూ సమానంగా ఉన్నాయి. అంటే వెలుతురులో తప్పు లేదు, కెమెరాలో తప్పు లేదు. మరదలి ముఖం చూశాను. చక్కగా, మన ఇంటికొచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పక్కన నువ్వు పసుపుగా ఉన్నావు.

ఒకే ఫోటోలో ఒకే వెలుతురులో మీరిద్దరూ ఆనుకుని కూర్చున్నారు. మిషను చెడితే ఇద్దరికీ చెడాలి కదరా.

అప్పటికీ నా బుర్ర మిషన్ల చుట్టూనే తిరిగింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా తెరని మళ్ళీ కొలిచాను. ప్రింటరు గొట్టాలు కడిగాను. కొత్త కాగితం విప్పి, ఏ సెట్టింగూ వెయ్యకుండా ఫోటో ప్రింటు తీసి, ఆరబెట్టి, గుమ్మంలో ఎండ వెలుతురులోకి పట్టుకెళ్ళాను. మీ బావని పిలిచి పక్కన చెయ్యి పెట్టమన్నాను. 'ఏమిటే, వీడెందుకు ఇలా ఉన్నాడు?' అన్నాడు ఆయన. ఎరుపుకీ గులాబీకీ తేడా తెలియని మనిషి. నేను లోపలికొచ్చి ఆ ఫోటోలో నీ కళ్ళు పెద్దవి చేసి చూశాను. తెల్లగుడ్డు తెల్లగా లేదు.

తర్వాత నువ్వు మొదటినుంచీ పంపిన ఫోటోలు తీసి, వరసగా పేర్చాను. అన్నిట్లోనూ అదే తెల్ల చొక్కా, నేను అదే వేసుకోమన్నాను కాబట్టి. రంగు ఒక్కటే అయితే ఇంకా ఏదో సర్దిచెప్పుకునేదాన్ని. మొదటి ఫోటోలో కాలరు మెడకి పట్టేసి ఉంది. చివరిదాంట్లో కాలరుకీ మెడకీ మధ్య చెయ్యి దూరేంత ఖాళీ ఉంది. నీ ఉత్తరాలు గుర్తొచ్చాయి. షాపు పనిలో తిండి సహించడం లేదన్నావు. కొత్త గోడ రంగు పడక ఒళ్ళంతా దురదగా ఉందన్నావు. మధ్యాహ్నానికే నిద్ర ముంచుకొస్తోందన్నావు. సొంత షాపంటే అంతేరా, పడాలి అని జవాబు రాశాను.

ల్యాబు ఎదురుగా ఉన్న క్లినిక్కు డాక్టరు తన కూతురి ఫోటోల కోసం వచ్చాడు. నువ్వెవరో చెప్పకుండా ప్రింటు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

“ఎడిట్ చేశారా దీన్ని?” అన్నాడు.

“లేదండీ. నేనేమీ ముట్టుకోలేదు.”

“ఒళ్ళు దురదంటాడా?”

“అంటాడు. గోడ రంగు పడలేదని.”

“కడుపులో నొప్పేమైనా ఉందా?”

నాకు ప్రాణం లేచొచ్చింది. “అబ్బే, నొప్పేం లేదండీ. అలాంటిదేమైనా ఉంటే రాసేవాడే” అన్నాను.

ఆయన ప్రింటు బల్ల మీద బోర్లా పెట్టాడు. “నొప్పి ఉంటేనే నయమమ్మా. నొప్పి లేకుండా వచ్చే పసుపే మంచిది కాదు” అన్నాడు. “ఫోటో చూసి రోగం చెప్పకూడదు, చెప్పను. మీకేమవుతాడు?”

“తమ్ముడు.”

“అయితే ఇవాళే బయల్దేరదీయండి. రేపూ ఎల్లుండీ అనుకోకండి.”

తన కూతురి ఫోటోలు మరిచిపోయి వెళ్ళిపోయాడు. అవి ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనవాళ్ళంటారు. అది ఉత్తమాటట. లోకం మామూలుగానే కనిపిస్తుందట. నీకు నీ ముఖమూ మామూలుగానే కనిపించింది, రోజూ అద్దంలో చూసుకుంటున్నావు కాబట్టి. మరదలూ రోజూ చూస్తోంది. ఆ పిల్లనేమీ అనకు. దూరంనుంచి చూసేదాన్ని నేను, కొలిచే పరికరాలన్నీ ఉన్నదాన్ని నేను. నాకు కనిపించింది, కనిపించిన ప్రతిసారీ ఇంకు అనుకున్నాను. మనిషి ముఖం పసుపుగా ఉంటే ఈ లోకంలో ఎవరైనా ఏమైందిరా నీకు అని అడుగుతారు. మన వృత్తివాళ్ళం మాత్రం పసుపు తగ్గిస్తాం. నీ రోగాన్ని నా చేత్తో దిద్ది, చూడముచ్చటగా చేసి, అమ్మ గోడకి తగిలించానురా. నాకు తిండి సహించడం లేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు రాయగలను. కస్టమర్ల ముఖాలు నీలంగా ఎందుకొస్తున్నాయంటే, నేను సెట్టింగ్ చేసింది నీ ముఖానికి. అందులోంచి లాగేసిన పసుపు వాళ్ళ ముఖాల్లో లేదు. ఆ పాపకి ఏ లోటూ లేదు, వాళ్ళమ్మకి చెప్పు. ఏ మిషనూ మార్చొద్దు. నీ షాపులో ప్రతి మిషనూ నిజమే చెబుతోంది. ఆ సెట్టింగ్ తీసెయ్యమని మరదలికి చెప్పు, నువ్వు తియ్యడానికి కూర్చోకు.

ఇప్పుడు కవరులో ప్రింట్లు తియ్యి. రెండున్నాయి. ఒకటి నేను దిద్దింది, అమ్మ గోడకున్నదానికి నకలు. రెండోది ఏమీ ముట్టుకోనిది. రెండూ పట్టుకుని షాపు గుమ్మం దగ్గరికి, ఎండ వెలుతురులోకి వెళ్ళు. బల్బుల కింద చూడకు. రెండింటి మధ్య నీ చెయ్యి పెట్టు. ఏది నిజమో నేను చెప్పక్కర్లేదు, ఈ విద్య నీకు నేర్పినదాన్ని నేనే.

మీ బావకి మీ ఊళ్ళో ఏదో పని పడిందని పైన రాశాను. అది అబద్ధం. ఆయనకి అక్కడ వేరే పనేమీ లేదు. ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరుతో మాట్లాడి పెట్టుకునే బయల్దేరాడు. బండి మీ షాపు ముందే ఉంది, వెనక సీటులో దుప్పటీ, దిండూ నేనే పెట్టి పంపాను. మరదలిని కూడా ఎక్కించుకుని రమ్మన్నాను. మధ్యలో నువ్వు ఒక్క ఆల్బమ్ పూర్తిచేసి వస్తానంటావు. ఆ మాట మాత్రం వినొద్దని ఆయనకి గట్టిగా చెప్పాను. ఆల్బమ్‌లు నాకు పంపించెయ్యి, నేను చేస్తాను. షాపు అద్దెకీ, కస్టమర్లకీ నేను జవాబు చెప్పుకుంటాను. అమ్మకింకా చెప్పలేదు. డాక్టరు ఏమంటాడో విన్నాక ఇద్దరం కలిసి చెబుదాం.

పైన ఆపిన మాట ఇప్పుడు రాస్తున్నాను. అక్కడ నువ్వు క్షేమమేనా? దీనికి ఉత్తరంలో జవాబు రాయొద్దు. నువ్వు చదువుతున్నంతసేపూ మీ బావ నీ ఎదురుగా స్టూలు మీద కూర్చుని నీ ముఖంకేసే చూస్తూ ఉంటాడు. ఇచ్చిన కాఫీ కూడా తాగడు. నువ్వు తలెత్తగానే ఆయన లేస్తాడు. నువ్వూ లేవరా, చిన్నోడా.

ఇట్లు,
ఇంటి గుమ్మంలోనే నిలబడి నీకోసం చూస్తున్న
మీ అక్క