వ్యాను ఈ వీలునామాలో లేదు

అల్లా పేరిట. షెఫ్‌షావెన్ పై పేటలో ఉంటున్న నేను, హమ్మూ కొడుకు అబ్దెస్లాంను, వయసు అరవై ఎనిమిది, వృత్తి కొండదారిలో వ్యాను నడపడం, ఎవరి బలవంతమూ లేకుండా ఇది రాయిస్తున్నాను. నా బుద్ధి స్థిరంగా ఉందని దస్తావేజులు రాసే అదూల్‌లు ఇద్దరూ ఒప్పుకున్నారు. మా ఆవిడ సుఆద్ ఇంకా ఆలోచిస్తోంది.

1. ఇల్లు, ఆలివ్ చెట్లు షరియత్ వాటాల ప్రకారం భార్యకు, కొడుకు యూనుస్‌కు, కూతురు షామాకు చెందుతాయి. అందులో నా మాట చెల్లదు. ఇంట్లోనూ ఎప్పుడూ చెల్లలేదు.

2. షరియత్ నా ఇష్టానికి వదిలిన మూడోవంతు ఆస్తిలోంచి, పొరుగింటి హ్మిద్దూకు నా నిచ్చెన. పదకొండేళ్లుగా అతని దగ్గరే ఉంది. కనబడినప్పుడల్లా "రేపిచ్చేస్తాలే అన్నా" అంటాడు. ఇక అనక్కర్లేదు.

3. తెతువాన్ బస్సు డ్రైవరు అల్లాల్‌కు నా పొడవాటి ఉన్ని అంగీ, జెల్లాబా, క్షమాపణలతో. షామా అక్కడ చదువుకున్న మొదటి ఏడాదంతా నేను అతని బస్సు వెనకే వ్యానులో వెళ్లాను, వేగం పెంచితే హారన్ కొట్టాను. షామాకు తెలియదనుకున్నాను. ఒకరోజు బస్సు ఆగినప్పుడు దిగి వచ్చి, కిటికీలోంచి గుడ్డు పెట్టిన రొట్టె నా చేతికిచ్చి, "తినేసి ఇంటికెళ్లు నాన్నా, అమ్మ ఎదురుచూస్తుంటుంది" అంది. తిన్నాను. ఇంటికి మాత్రం వెళ్లలేదు.

4. వ్యాను సంగతి. టీచర్లను కొండ ఊళ్లకు చేరవేసే పని తనకిమ్మని షామా నాలుగేళ్లుగా అడుగుతోంది. నా తర్వాత తీసుకోమని, బతికుండగా ఆ కొండ మలుపుల్లో పిల్లను చూడకుండా తప్పించుకోవచ్చని, పోయినవారం అలాగే రాయించబోయాను. అదూల్ లార్బీ గారు ఆ వాక్యం కొట్టేశారు. "వారసురాలికి వీలునామా చెల్లదు అబ్దెస్లాం గారూ. ఇవ్వాలనుంటే బతికుండగానే ఇవ్వండి. బండి ఆమె చేతికి రావడం మేం కళ్లారా చూడాలి" అన్నారు. చట్టం ఇంత కఠినమని తెలిస్తే అటు వెళ్లేవాణ్నే కాదు. పోనీ నువ్వు తీసుకుంటావా అని యూనుస్‌ను అడిగితే, "నాకొద్దు నాన్నా, వ్యాను తీసుకుంటే పక్క సీట్లో నువ్వూ వస్తావు" అన్నాడు.

5. ఈ వీలునామా అమలు యూనుస్‌ది. షామా కొండ మీద ఉండగా ఎక్కడున్నావని ఎవరూ ఫోన్ చేయరాదు. నేను బతికున్నంతకాలం ఆ వేళల్లో నా ఫోన్ సుఆద్ దగ్గర ఉంటుంది.

6. గురువారం అదూల్‌ల గుమ్మం ముందు తాళంచెవి షామా చేతిలో పెట్టాను. నా వేళ్లు వదల్లేదు. సుఆద్ వాటిని ఒక్కొక్కటే విడదీసింది. ఆ మధ్యాహ్నమే ఏడుగురు టీచర్లతో షామా కొండెక్కింది. నేను పక్క సీట్లో దువాలు చదువుతూ కూర్చున్నాను. దస్తావేజులో అబద్ధం రాయకూడదు కనుక చెబుతున్నాను: మూడో మలుపు దాటేసరికి నిద్రపోయాను. పై ఊళ్లో అందరూ దిగి టీ కూడా తాగారట. నా గురక విని టీచర్లు నవ్వుతుంటే షామా తన శాలువా నాకు కప్పి, "లేపకండి, నేను పుట్టినప్పట్నుంచీ మా నాన్నకి నిద్రలేదు" అందట.

షెఫ్‌షావెన్, సోమవారం, 18 మార్చి 2019
(సంతకం) అబ్దెస్లాం బిన్ హమ్మూ
సాక్షులు: అదూల్ లార్బీ అస్రీహ్, అదూల్ తయ్యిబ్ బెన్ యర్మాక్