లాప్‌టాప్‌కు అమ్మ కుట్టిన గలేబు

మిర్యాలగూడ,
గురువారం.

దేవికక్కా,

ఫోనులో అమ్మ వింటుందని రాసి, సుజాత పిన్ని చేత పంపుతున్నాను. నాకు భయంగా ఉంది. ఆదివారమే ఆన్‌లైన్ పరీక్ష. కెమెరా, పరీక్ష కలిపి తెరిస్తే నువ్విచ్చిన లాప్‌టాప్ పది నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఆగిపోతోంది. మధ్యలో ఆగితే మళ్లీ రాయనివ్వరు.

రిపేరు షాపాయన నవ్వాడు. "గింత ఎండల దీనికి స్వెట్టర్ తొడిగిన్రా బిడ్డా? గాలెట్ల ఆడతది?"

పక్కన రైసుమిల్లు కదా, తవుడు దుమ్ము పడకుండా అమ్మ కుట్టిన గలేబు అది. ఉంచితే ఆగిపోతుంది, తీస్తే ఫ్యానులో తవుడు నిండుతుందట.

సూర్యాపేట వచ్చి మీ ఇంట్లో రాయనా? అమ్మకు కారణం చెప్పకు. పరీక్ష కోసమని ఇంకా మందం గుడ్డతో కొత్తది కుడుతోంది.

నీ చెల్లి