నీలిగళ్ల చొక్కా

గురజాల,
12 అక్టోబరు 2025

ప్రభు గారికి,

గోపిక నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. వానలు పడి మిరప తోటలు తేరుకున్నాయి. మీరు హైదరాబాదులో క్షేమమని యూట్యూబ్ రోజూ చెబుతూనే ఉంది. మెసేజ్ పెడితే వేలల్లో కలిసిపోతుందని ఉత్తరం రాస్తున్నాను. నేను ప్రసన్న పెదనాన్న కూతురిని. మిరప కల్లంలో కాయలేరే ముఠాలో ఉండేదాన్ని. మీకు గుర్తుండను.

మీ బ్రేకప్ ర్యాప్ ఇక్కడ ప్రతి ఆటోలోనూ మోగుతోంది. పాట వెనకున్న కథ చెప్పమని కుర్రాళ్లు మైకులు పట్టుకుని ప్రసన్న ఇంటికి వస్తున్నారు. అది పౌడరు రాసుకుని కూర్చుంటోంది. కల్లంలో మీరు కాయల ట్రాక్టరు మీద నిలబడి పాడుతుంటే తనే బోర్లించిన బకెట్ మీద దరువేసిందట. ఘాటుకి ముఖమంతా గుడ్డ కట్టుకున్నా, కళ్లు చూసే మనసు పడ్డారట. వింటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. దాచడం దేనికి, కుళ్లే.

పాట అర్థం మీద కూడా తలో మాట. 'కల్లంలో నవ్విన కళ్లు ఊళ్లోకొస్తే నన్నెరగవేం' అన్నచోట, ఆడవాళ్లంతా ఇంతేనని ఈలలేస్తున్నారు. మా ముఠాలోని సుబ్బరత్నమ్మత్త మాత్రం, "ఆ పిల్ల మారిందేముందే? ఈడే సరిగా చూసుకోలా" అని నా వంక చూసింది. నేను తలొంచుకుని తొడిమలు తీశాను.

మీతో తిరిగిన రోజుల్లో మీరు కొత్త చరణం వినిపిస్తే ఆవలింతలు వచ్చేవని ప్రసన్నే చెప్పింది. చివరికి మళ్లీ ఆ గోలేనా అని మీ నంబరు బ్లాక్ చేసింది. ఇప్పుడు ఆ గోల పేరు చెప్పుకునే ఫొటోలు దిగుతోంది. నేనైతే ఆవలించేదాన్ని కాదు.

ఇంతకు మించి రాస్తే బాగుండదు. గొంతు జాగ్రత్త. మిరియాల పాలు తాగండి.

ఇట్లు,
గోపిక

తా.క.: ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. కల్లం ఆఖరి రోజు నాకు జ్వరం. ముఠాలో మనిషి తగ్గితే మేస్త్రి ఊరుకోడు. అందుకని నా బదులు ప్రసన్న వచ్చింది, రోజూ నేనేసుకునే నీలిగళ్ల చొక్కా వేసుకుని, నా గుడ్డే కట్టుకుని. అది కల్లంలో అడుగుపెట్టింది ఆ ఒక్కరోజే. సాయంత్రం బోరు దగ్గర గుడ్డ విప్పిన ఆ ముఖం చూసి, మీ మనిషి దొరికిందనుకున్నారు. మర్నాటికే దాన్ని బండెక్కించుకుని తిరుగుతుంటే నాకు నోరు రాలేదు. ఆ దరువు నాది. నమ్మకం లేకపోతే ఒకసారి వచ్చి, మా ఇద్దరి ముందూ చెరో బకెట్ బోర్లించండి.