రత్తమ్మ గారికి చెందవలసిన గొంతు

ఎన్.టి.ఆర్. జిల్లా, విజయవాడ నగరం, పటమట నివాసి, కీర్తిశేషులు తాళ్ళూరి ప్రకాశం గారి కుమార్తె, టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి స్వచ్ఛంద పదవీ విరమణ పొందిన అవివాహిత, అరవై మూడేళ్ళ తాళ్ళూరి హెప్సిబా అను నేను, నా జబ్బు గుండెకే గాని బుద్ధికి కాదని డాక్టరు గారు ఇచ్చిన సర్టిఫికెట్టు జతపరుస్తూ, ఎవరి ఒత్తిడీ, ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాసుకుంటున్నాను. వచ్చే నెలలో నాకు గుండె ఆపరేషన్ ఉంది. వకీలు గారు ఒక నమూనా ఇచ్చారు. అందులోని ఖాళీలు ఇంటికి, సామానుకు సరిపోయాయి. పాటలకు చాలలేదు. అందుకని సొంతంగా రాస్తున్నాను. ఇది నా జీవితకాలం తరువాత మాత్రమే అమలులోకి రావలెను.

1. ఇంతకు పూర్వం నేను ఏ వీలునామా రాయలేదు. నా తమ్ముడు సంజీవరావు కుమార్తె క్రిస్టినాను దీనిని అమలు జరిపే బాధ్యురాలిగా నియమిస్తున్నాను. క్రిస్టినా గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, చెప్పనిదాని గురించి గుచ్చిగుచ్చి అడగదు. ఇందులో ఆమెకు ఎప్పుడూ చెప్పని సంగతులు ఉన్నాయి. ఓపికగా చివరిదాకా చదవవలసిందిగా కోరుతున్నాను.

2. పటమటలో నేను నివాసముంటున్న, నా స్వార్జితమైన ఫ్లాటు సదరు క్రిస్టినాకు సర్వహక్కులతో చెందవలెను. ఉన్నా, అద్దెకిచ్చినా, అమ్ముకున్నా ఆమె ఇష్టం. చిన్నగది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి. పాట రికార్డు చేసేటప్పుడు రోడ్డు మీది హారన్లు వినపడకూడదని అంటించాను. అవి పెద్దగా పనిచేయలేదు. నా పాటలన్నిటిలోనూ ఎక్కడో ఒకచోట పటమట వినపడుతుంది. అట్టలు పీకేసి సున్నం వేయించుకోవచ్చు.

3. నా గిటారు, దాని సంచితో సహా, మా చర్చి ఫెలోషిప్ హాలుకు చెందవలెను. అది వాచ్‌మన్ మరియదాసు గారి ఆధీనంలో ఉండవలెను. బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. గోడకు మేకు కొట్టి తగిలించాలి, ముట్టుకోవాలనిపించిన ఎవరినైనా ముట్టుకోనివ్వాలి.

ఈ గిటారు అమ్మ పోయిన ఏడాది కొన్నాను. మా అమ్మ మాణిక్యమ్మ గారు మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లో ఏదో ఒక మాట నడుస్తూ ఉండేది. ఆవిడ పోయాక ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన చదవబోతే గొంతు పెగలలేదు. ముందు రోజు నుంచి నేను ఎవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. ఉద్యోగం చేసినంతకాలం నా గొంతు తీగల మీదుగా ఎంతో దూరం పోయేది, ముఖం తెలియని మనుషులు నన్ను అమ్మా అనీ, మేడమ్ అనీ పిలిచేవారు. మరుసటి రోజే ఏలూరు రోడ్డుకు వెళ్ళి గిటారు కొన్నాను. కొట్టాయన మనవడికా అని అడిగాడు. నాకేనన్నాను.

క్వయర్‌లో వాయిస్తానని అడిగితే, క్వయర్ నడిపే ఆరోన్ గారు, కుర్రవాళ్ళతో వేగడం మీకు కష్టమండీ అని చాలా మర్యాదగా చెప్పారు. ఆ మర్యాద ఇప్పటికీ మరచిపోలేదు. గిటారుతో పాటు వాడే, శ్రుతి సరిచూసే చిన్న యంత్రాన్ని ఆరోన్ గారికి ఇస్తున్నాను. క్రిస్మస్ ఆరాధనకు ముందు వాడుకోవలెను. గిటారు ఆయన కూడా వాయించుకోవచ్చు, మరియదాసు గారిని అడిగి.

4. అల్మరా పై అరలో, అమ్మ కుంకుడుకాయల డబ్బాలో ఉన్న ఇత్తడి గొట్టం ముక్క, గిలకలదిండి వాస్తవ్యులు కీర్తిశేషులు ఎల్లారావు గారి కుమార్తె గంగాదేవికి చెందవలెను. అది వాళ్ళ నాన్న చేతి పని.

ఎల్లారావు ఎవరో క్రిస్టినాకు తెలియదు గనుక రాస్తున్నాను. ఫోనులో గిటారు పాఠాలు చూస్తుంటే 'శనివారం తీగలు' అనే గ్రూపు కనిపించింది. నాని అనే ఆయన బెంగళూరు నుంచి నడుపుతాడు. ప్రతి సోమవారం ఒక మాట ఇస్తాడు. గొడుగు, ఉప్పు, బస్టాండు, అలాంటివి. శనివారంలోపు ఆ మాట మీద పాట కట్టి, గిటారు వాయిస్తూ పాడి, రికార్డు చేసి పంపాలి. అందరం నేర్చుకునేవాళ్ళమే. గొడుగు మీద నేను పంపిన మొదటి పాటకు ఒకే ఒక జవాబు వచ్చింది. రెండో చరణం బాగుందండి అని. అది రాసింది ఎల్లారావు. బందరు పక్కన గిలకలదిండిలో చేపల వ్యాపారం. సముద్రం నుంచి వచ్చిన చేపల్ని వేలంలో కొని, ఐసు వేసి, విజయవాడ మార్కెట్టుకు పంపేవాడు. ఐసు గదిలో కూర్చుని పాడేవాడు. ఆయన పాటల వెనుక ఐసు పగలగొట్టే చప్పుడు ఉంటుంది.

ఒక వానాకాలం నేను బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు దిగుతూ జారిపడ్డాను. ఎడమచేతి వేళ్ళు బిగుసుకుపోయాయి, తీగలు నొక్కలేకపోయాను. ఇక సెలవని గ్రూపులో రాశాను. చాలామంది దండం బొమ్మలు పెట్టారు. ఎల్లారావు ఫోను చేశాడు. అదే మొదటిసారి మాట్లాడటం. "వేళ్ళు మాట వినకపోతే తీగల్నే మార్చుకుందాం అక్కా. అవి వింటాయి," అన్నాడు. ఏ తీగ ఎంత వదులు చేయాలో చెప్పాడు. ఏమీ నొక్కకుండా మీటినా అన్నీ కలిసి ఒకే శ్రుతిలో పలికాయి. వేలికి తొడిగి తీగల మీద జరుపుకోవడానికి పాత పడవ ఇంజను గొట్టం కోసి, నున్నగా అరగదీసి, చేపల వ్యాను డ్రైవరు చేత పంపాడు. ఆ ముక్కతోనే మళ్ళీ వాయించాను. అప్పటి నుంచి ఆయన బాణీ పంపితే నేను మాటలు రాసేదాన్ని.

5. నాన్నగారి బైబిలు, చేతి గడియారం నా తమ్ముడు సంజీవరావుకు చెందవలెను. వీటితో పాటు, ఫెలోషిప్ హాలులో జరిగిన కార్యక్రమం రికార్డింగును ఆయనకు ఇస్తున్నాను. ఒక్కసారి, కుర్చీలో కూర్చుని, పూర్తిగా వినవలెను. దీనికి చట్టరీత్యా బలం లేదని వకీలు గారు చెప్పారు. అయినా రాస్తున్నాను.

గ్రూపు మొదలై కొన్నేళ్ళయిన సందర్భంగా అందరం ఒకసారి కలుద్దామని నాని అన్నాడు. అందరికీ విజయవాడ దగ్గరన్నారు. హాలు నేను చూస్తానన్నాను. అందరూ వస్తున్నామని బొటనవేలు బొమ్మలు పెట్టారు. కుర్చీలు వరుసగా వేయించాను, పులిహోర, గారెలు చేయించాను. మంగళగిరి చీర కొనుక్కుని కట్టుకున్నాను. పాటలు ఏ వరుసలో పాడాలో కాగితం మీద రాసి గోడకు అంటించాను.

ఎల్లారావు ఒక్కడే వచ్చాడు. భుజాన గిటారు, చేతిలో ఐసు పెట్టెలో రొయ్యలు. నానికి ఆఫీసు పని తగిలింది. కొందరు సారీ అని రాశారు, కొందరు అదీ రాయలేదు. బెంజ్ సర్కిల్‌లో ట్రాఫిక్ జామ్ అయిందని సంజీవరావు ఫోను చేశాడు. ఆ మధ్యాహ్నం ఆయన పటమటలోనే ఒక విందులో ఉన్నాడని తరువాత ఫోటోల్లో చూశాను. ముందు వరుసలో ఆయన కోసం రుమాలు వేసి ఉంచిన కుర్చీని నేనే మడిచాను.

తలుపు దగ్గర నిలబడి ఇంకా రోడ్డు వంక చూస్తున్నాను. ఎల్లారావు గిటారు సంచి విప్పుతూ, "మొదలెడదామా అక్కా. వచ్చినోళ్ళకి వాయిద్దాం," అన్నాడు.

కాగితం మీద ఉన్న పాటలన్నీ పాడాము, రానివాళ్ళ పాటలతో సహా. మరియదాసు గారు, ఊడ్చే ఆవిడ వెనక వరుసలో కూర్చుని విన్నారు. ప్రతి పాటకూ మరియదాసు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తరువాత నలుగురం పులిహోర తిన్నాము. ఎలా జరిగిందని గ్రూపులో అడిగితే, బ్రహ్మాండంగా జరిగిందని ఎల్లారావు రాశాడు.

ఆ రోజు మేమిద్దరం కట్టిన ఐసు పాట చివర పాడాము.

ఐసు కరిగే లోపు ఊరు చేరాలి
మాట మరిచే లోపు నీకు చెప్పాలి

మొదటి పాదం నాది, రెండోది ఆయనది. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, ఇది మా ఇంటిదానికి వినిపించాలక్కా, నవ్వుతుందేమోనని ఆగుతున్నాను అన్నాడు. మేము ఎదురెదురుగా కలుసుకున్నది ఆ ఒక్కసారే.

6. నా స్పీకరు, దాని వైర్లు మరియదాసు గారికి స్వంతంగా చెందవలెను. ఆయన ప్రతి ఆదివారం, మళ్ళీ ప్రోగ్రాం ఎప్పుడమ్మా అని అడుగుతారు. మరెవరూ అడగలేదు.

7. నేను రాసిన పాటల మీద నాకున్న హక్కులన్నీ గ్రూపు సభ్యులందరికీ ఇస్తున్నాను. ఎవరైనా పాడుకోవచ్చు, మాటలు మార్చుకోవచ్చు, నా పేరు చెప్పనక్కరలేదు. ఎల్లారావు బాణీలు మాత్రం ఈ హక్కులో లేవు. అవి ఆయన కుటుంబానివి.

హాలు కార్యక్రమం జరిగిన మరుసటి వేసవిలో ఎల్లారావు వేలం దగ్గరే గుండె పట్టుకుని కూలిపోయాడట. బందరు ఆసుపత్రికి చేర్చేలోగా ప్రాణం పోయింది. ఆ సంగతి ఆయన నంబరు నుంచే వచ్చింది. "మా నాన్నగారు చనిపోయారండి. మీరంతా ఎవరో మాకు తెలియదు. తెలియజేయాలని పెట్టాను. గంగాదేవి," అని. అందరూ దండం బొమ్మలు పెట్టారు. సోమవారం నాని ఎప్పటిలాగే మాట ఇచ్చాడు. ఆ వారం మాట 'కిటికీ'. నేను పాట పంపలేదు. అంత్యక్రియలకు వెళ్ళడానికి ఆ ఇంటికి నేనేమవుతానో ఎలా చెప్పాలో తెలియక వెళ్ళలేదు. నెలల తరబడి గిటారు సంచిలోంచి తీయలేదు.

8. ఎల్లారావు నాకు పంపిన పాటలు, ఆయన మాట్లాడిన ముక్కలతో సహా, ఒక పెన్‌డ్రైవులో దాచి ఉన్నాయి. అది కూడా అమ్మ కుంకుడుకాయల డబ్బాలోనే ఉంది. అది ఆయన భార్య రత్తమ్మ గారికి చెందవలెను. అయితే ఆవిడ అడిగినప్పుడు మాత్రమే ఇవ్వాలి, బలవంతంగా చేతిలో పెట్టకూడదు. అడగకుండానే ఆవిడ కాలం చేస్తే గంగాదేవికి చెందవలెను. ఎట్టి పరిస్థితిలోనూ చెరిపివేయకూడదు.

రత్తమ్మ గారు ఒకరోజు చేపల వ్యాను డ్రైవరును ఇల్లడిగి, కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. గుమ్మంలో నిలబడి నా తెల్లజుట్టు, నా వంకర వేళ్ళు చూశారు. ఊళ్ళో నలుగురూ ఏదో అనుకున్నారని, తానే వచ్చి చూడాలనుకున్నానని తరువాత చెప్పారు. నేను కాఫీ ఇచ్చాను. గ్లాసు కింద పెట్టి, "ఆయన ఫోటోలు బోలెడున్నాయండి. గొంతే లేదు. మీ దగ్గరుందంట," అన్నారు.

ఆయన పాడతాడని ఆవిడకు తెలియదు. ఐసు గదిలో లెక్కలు చూసుకుంటున్నాడనుకునేవారట. గిటారు కూతురిదే అనుకునేవారట, కూతురేమో నాన్న స్నేహితుడిదనుకుంది. నేను ఐసు పాట పెట్టాను. రత్తమ్మ గారు చీర చెంగు పిడికిట్లో పట్టుకుని విన్నారు. పాట అయిపోయాక, ఇది ఎవరికి చెప్పుకున్నాడండీ అని అడిగారు. హాలు ముందు చెప్పులేసుకుంటూ ఆయన అన్నమాట అన్నట్టే చెప్పాను, నవ్వుతారేమోనని భయపడిన సంగతితో సహా.

ఆవిడ పిడికిలి విప్పి చెంగు సరిచేసుకున్నారు. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి.

"నవ్వేదాన్నేనండి," అన్నారు. "నవ్వి, వినేదాన్ని."

పాటలన్నీ ఫోనులో వేసి ఇస్తానన్నాను. ఇప్పుడొద్దన్నారు. ఇంటికి తీసుకెళ్తే రోజంతా అదే పెట్టుకుని కూర్చుంటాను, వేలానికి ఎవరు పోతారు అన్నారు. ఆయన వ్యాపారం ఇప్పుడు ఆవిడే చూస్తున్నారు. మెట్లు దిగుతూ వెనక్కి తిరగలేదు. మళ్ళీ రాలేదు.

9. నా అంత్యక్రియలు మా సంఘ పద్ధతిలో జరగవలెను. అమ్మ పక్కన చోటుంది. క్వయర్ పాడవచ్చు. గ్రూపులో నా ఫోటో పెట్టి దండలు వేయవద్దని నానికి చెప్పవలెను.

10. ఇది ఆస్తి కాదు, క్రిస్టినాకు అప్పగిస్తున్న పని.

రత్తమ్మ గారు వచ్చి వెళ్ళిన కొన్ని వారాలకు, గ్రూపులో ఒక కొత్త పేరు చేరింది. రత్తమ్మ అని. గంగాదేవి చేర్చి ఉంటుంది. ఆవిడ ఏమీ రాయరు, బొమ్మలు పెట్టరు. అది చూసి నేను సంచిలోంచి గిటారు తీశాను. ఆ శనివారం పాట పంపాను. ఎవరెవరు విన్నారో ఫోనులో తెలుస్తుంది. ఆవిడ విన్నారు. ఆ మరుసటి శనివారమూ విన్నారు. గ్రూపు పలచబడిపోయింది. నాని పెళ్ళి చేసుకున్నాడు, సోమవారం మాట ఇవ్వడం మానేశాడు. మాట నాకు నేనే ఇచ్చుకుంటున్నాను. చాలా వారాలు పాడేది నేనొక్కదాన్నే, వినేది ఆవిడొక్కరే. ఆవిడ నాకెప్పుడూ ఫోను చేయలేదు, నేనూ చేయలేదు.

నేను పోయాక శనివారం పాట రాదు. మిగతావాళ్ళకు తెలియదు, వాళ్ళ మీద నాకు కోపమూ లేదు. రత్తమ్మ గారికి తెలుస్తుంది. అందుచేత క్రిస్టినా, ఆ శనివారం రాకముందే నువ్వు బందరు బస్సెక్కి గిలకలదిండి వెళ్ళాలి. ఫోను చేసి చెప్పవద్దు. భర్త పోయిన సంగతి కూడా ఆవిడకు ఎవరో ఫోనులోనే చెప్పారట. ఎదురుగా కూర్చుని చెప్పు. టీ ఇస్తే తాగు. ఆవిడ ఏమీ అనకపోతే నువ్వూ ఏమీ అనకుండా కాసేపు అక్కడే ఉండు. లేచి వచ్చేటప్పుడు, ఆవిడ వింటున్నారని మా అత్తకు తెలుసునని, అందుకే పాడుతూ వచ్చిందని చెప్పు.

పైన రాసినదంతా నేనే రాసి, చదువుకుని, సరిగా ఉందని నిర్ధారించుకుని, ఈ దిగువ సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను. సాక్షులకు ఇందులో ఎలాంటి లబ్ధీ లేదు.

విజయవాడ, పటమట
19 జూన్ 2025

(సంతకం) తాళ్ళూరి హెప్సిబా

సాక్షులు:
1. గుంజి నతానియేలు, రిటైర్డ్ బస్సు డ్రైవరు, ఎదురు ఫ్లాటు
2. మేకా స్టెల్లా, ఉపాధ్యాయురాలు, కింది అంతస్తు