ముద్దకట్టిన తలంబ్రాలు

తెనాలి,
12-5-94.

రేపల్లె బావగారి దివ్యసముఖానికి,

తలంబ్రాల వేళ జరిగిన ఘోరానికి యావత్ భౌతికశాస్త్రం తరఫున సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఎమ్మెస్సీ చదివిన నాకు దాని తరఫున ఆ మాత్రం అధికారం ఉందనుకుంటాను.

మీ దోసిట్లోంచి ఒక్క గింజా రాలక, లడ్డూలాంటి ముద్ద అక్క ఒళ్ళో పడింది. "ఏంటి బాబూ, అప్పుడే మిఠాయి పెడుతున్నావా?" అని మాణిక్యాంబ పిన్ని అనగానే పందిరంతా నవ్వింది. "ఇది మీ అమ్మాయి పనే" అని మా నాన్నతో అనేసి మీరు ఒంటరిగా రేపల్లె వెళ్ళిపోయారు.

శాస్త్రం వినండి. బ్యాండుమేళం ఊపుకి మీ పళ్ళెంలో గింజలు గంతులేశాయి. గింజలు ఒకదానికొకటి తగిలినప్పుడల్లా కాస్త జోరు తగ్గుతుంది. దాన్నే మేం చల్లబడటం అంటాం. పొడి గింజలు తగిలినా విడిపోతాయి. జిగురున్నవి జోరు తగ్గాక విడిపోయే శక్తి లేక గుంపుకడతాయి. ఇందులో మా అక్క పాత్ర సున్నా.

అక్క మూడురోజులుగా పెట్టె సర్దుకుని అరుగు మీదే కూర్చుంటోంది. రేపల్లె బస్సు హారన్ వినిపిస్తే లేచి నిలబడుతోంది. ఇందులో మాత్రం నాకు నవ్వొచ్చే విషయం ఒక్కటీ లేదు.

విడిదిలో మీరు "తలంబ్రాలు పోసి మీ అక్కని కన్ను తెరవనివ్వను చూస్కో" అన్నారు కదండీ. అక్కే గెలవాలని నాకు పంతం పుట్టింది. వంటవాళ్ళ దగ్గర్నుంచి గరిటెడు బెల్లం పాకం తెచ్చి మీ పళ్ళెంలో కలిపింది నేనే.

మీ బావమరిది