సమ్మె గేటూ, పల్లే బాతులూ

కోపెన్‌హాగెన్, 1974 నవంబర్

కామ్రేడ్ ఎగాన్,

పొద్దున్నే కాఫీ తాగుతూ పత్రిక తిప్పితే, మీ ఓడల కర్మాగారం చిత్రకళా సంఘం లాటరీ అయిన మర్నాటి ఫోటో కనబడింది. క్యాంటీన్ గోడమీద ఆ పల్లే బ్రున్స్‌బో గీసిన బాతులు! నేను గీసిన ‘సమ్మె గేటు’ ఏది? నవలల్లోనూ బొమ్మల్లోనూ కార్మికుల కోసం గొంతు చించుకున్నది నేను. వాడు గీసేది చెరువు, బాతు, మళ్లీ చెరువు. పనిచేసే మనిషికి బాతుల్ని చూపించి జోకొట్టడం రాజకీయం కాదా? ఎవరి రాజకీయం?

ఇది అసూయ అనుకోకు. సిద్ధాంతం.

ఒళ్లు మండుతూ, సంఘీభావంతో,
గుడ్రున్ థోర్సాగర్

తా.క. వాడి బాతులకి కాళ్లుండవు, గమనించావా? గీయడం రాక నీళ్లలో ముంచేస్తాడు.

ఆల్బోర్గ్

గుడ్రున్ గారికి వెల్డర్ ఎగాన్ నమస్కారాలు.

కోపంలో మా పద్ధతి మరిచారు. ఏడాదంతా చందాలు వేసి బొమ్మలు కొంటాం, చీటీలు తీస్తాం. చీటీ తగిలినవాళ్లు వరసగా వచ్చి, నచ్చిన బొమ్మ చంకన పెట్టుకుని ఇంటికి పోతారు. ఎవరూ ముట్టని బొమ్మే గోడమీద మిగులుతుంది. మీ బొమ్మ మొదటి చీటీకే వెళ్లిపోయింది! బాతుల్ని అడిగిన నాథుడు లేడు. లాటరీ చూడ్డానికొచ్చిన పల్లే గారు ఓ మూల కూర్చుని హెర్రింగ్ చేప నములుతూ ఉండిపోయారు, పాపం.

మీ
ఎగాన్ హోల్మ్‌గోర్, సంఘాధ్యక్షుడు

తా.క. మా ఆవిడ మీ నవల చదువుతోంది. రెండొందల పేజీలైంది, సమ్మె ఎప్పుడు మొదలవుతుందని అడగమంది.

కోపెన్‌హాగెన్

ఎగాన్, నా తమ్ముడా!

చూశావా, వర్గచైతన్యమంటే అదీ! ఆ మొదటి చీటీ కార్మికుడి పేరు వెంటనే రాయి. క్రేన్ నడుపుతాడా? రేకులు అతుకుతాడా? ‘శ్రామికుడు ఎంచుకున్నాడు’ అని వ్యాసం మొదలుపెట్టేశాను. సంపాదకుడు ఆదివారం పేజీ మొత్తం అట్టేపెట్టాడు. పల్లే చదివి కుళ్లిపోవాలి.

ఆనందంతో,
గుడ్రున్

తా.క. ఆ చేప పూర్తిగా తిన్నాడా, గొంతు దిగక వదిలేశాడా? వ్యాసానికి అవసరం.

ఆల్బోర్గ్

గుడ్రున్ గారికి,

వ్యాసం ఆపండి. మా సంఘంలో కర్మాగారం మనిషెవరైనా చేరొచ్చు. మొదటి చీటీ డైరెక్టర్ క్రాగ్ గారికి తగిలింది. మీ బొమ్మలో గేటు ముందు జనం చేతులెత్తి అరుస్తుంటే, ఓడని నీళ్లలోకి దింపిన సంబరం అనుకున్నారాయన! తన కుర్చీ వెనకే తగిలించుకున్నారు. నిన్న జీతాల పెంపు అడగడానికి వెళ్తే, “చూడండయ్యా, ఆ రోజుల్లో మనవాళ్లు ఎంత సంతోషంగా ఉండేవారో!” అన్నారు. నవ్వాపుకోలేక సగంమంది బయటికొచ్చేశాం. పెంపు రాలేదు.

క్షమించాలి,
ఎగాన్

తా.క. మీ సంపాదకుడు నాకు ఫోన్ చేసి అడిగితే అబద్ధమాడలేకపోయాను. ఖాళీ అయిన పేజీ పల్లే గారికిచ్చారట. రోజూ మావాళ్లంతా ఆయన బాతుల కిందే కూర్చుని తింటున్నారు కదా. శీర్షిక ‘శ్రామికుల మధ్య నా కళ’.