నీ బండి మీద జన్నారం దాకా

కోరుట్ల,
దీపావళి వెళ్ళాక.

చిరంజీవి తమ్ముడు వీరేందర్‌కు అక్క ఇంద్రమ్మ దీవెనలు.

చిరంజీవి అన్న మాట దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ఇక్కడ నేను, మీ బావ దుర్గయ్య, పిల్లలు తింటున్నాం, తిరుగుతున్నాం, బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని నీ ఉత్తరం చూసి నమ్ముతున్నాను. నీ రాత ఏమీ మారలేదు, ఇప్పటికీ కోడి కెలికినట్టే ఉంది.

కంపెనీలోంచి పారిపోయి, కాగితాల్లేని కల్లివెల్లి అయ్యావని, అందుకే మస్కట్ జైల్లో వేశారని రాశావు. నిన్ను తిట్టడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి, ఎదురుగా దొరికినప్పుడు వాడుకుంటాను. ఇంటికి పంపే ఔట్‌పాస్ కాగితం రాగానే విమానం ఎక్కిస్తారట కదా, ఆ రోజు కోసం కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను.

తెలంగాణ వచ్చిందా అని అడిగావు. రాలేదు. సకల జనుల సమ్మె అని బస్సులు, బడులు, బొగ్గు బావులు, ఆఫీసులు అన్నీ బందయ్యాయి. మా అంగన్‌వాడీ పిల్లలు కూడా జై తెలంగాణ అని అరిచాకే గుడ్డు ముడుతున్నారు. ఇప్పుడిప్పుడే అన్నీ మళ్ళీ మొదలవుతున్నాయి.

బండి అమ్మేశారా అని అడిగావు. సిరిసిల్లలో సాంచల మీద రాత్రింబవళ్ళు బట్ట నేసి కొనుక్కున్న బండిని ఎలా అమ్ముతాం? ఉంది. లస్మయ్యతో పంపిన సంచి ముట్టిందా అని అడిగావు. ముట్టింది తమ్మీ. నా పెళ్ళాం దీప ఒక్క ముక్క కూడా రాయదేం అని ఒకే ఉత్తరంలో మూడు చోట్ల అడిగావు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ సంచి సంగతి చెప్పాలి.

నువ్వు పారిపోయే ముందు, ఊరికి బయల్దేరుతున్న లస్మయ్య చేతికి సంచి ఇచ్చావు కదా. తర్వాత ఏం జరిగిందో నీకు తెలియదు. నువ్వు దాక్కున్నావని లస్మయ్యకు తెలిసిన గదిలో గ్యాస్ బండ పేలింది. లోపల కాలిపోయిన ఇద్దరినీ గుర్తుపట్టడానికి లేకుండా పోయింది, అందులో ఒకడివి నువ్వే అనుకున్నారు. లస్మయ్య శివరాత్రి ముందు మన వాకిట్లోకి వచ్చి, సంచి కింద పెట్టి, "అక్కా, గీ సంచి నా చేతిల పెట్టి పోయిండు. గా తెల్లారే గది కాలింది" అని భోరున ఏడ్చాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, వాడు మా మనిషే కాదన్నారు. నీ ఫోను మోగలేదు. నెల చూశాం, రెండు నెలలు చూశాం. అవ్వ, బాపు లేని ఇంటికి పెద్దను నేనే కదా, అందరూ నన్నే అడిగారు, ఇంకెన్నాళ్ళు అలా ఉంచుతావని.

శవం దొరకని మనిషికి గడ్డితో బొమ్మ చేసి కాల్చాలని కులపెద్దలు చెప్పారు. వరిగడ్డితో చేశారు. సంచిలో ఉన్న నీలిగీతల అంగీ తొడిగారు. నీకు కొడుకు లేడు, ఎవరు కొరివి పెట్టాలని గొడవ పడుతుంటే దీప ముందుకొచ్చి, "నేనే పెడ్త" అంది. పెట్టింది. ఆ బూడిద ధర్మపురి గోదావరిలో నా చేతులతో కలిపాను. ఆ తర్వాత వాళ్ళవాళ్ళు వచ్చి దీపను జన్నారం అవతల తల్లిగారింటికి తీసుకుపోయారు.

ఇదీ సంగతి. నువ్వు జైల్లో కూర్చుని రోజులు లెక్కపెడుతుంటే, ఇక్కడ నువ్వు చచ్చిపోయావు.

దసరా తెల్లారి నీ ఉత్తరం వచ్చింది. నీతో పాటు జైల్లో ఉండి విడుదలైన మెట్‌పల్లి ఆయన తెచ్చి ఇచ్చాడు. నిజం చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. ఆ రాత చూడగానే నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు జల్లుమంది. ఆ కాగితాన్ని ఇంట్లోకి తేవడానికి భయమేసి గుమ్మం బయటే నిలబడిపోయాను. మీ బావ తీసుకుని చదివి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "పెత్రమాసకు సచ్చినోళ్ళతోపాటు వీని పేరు మీద బియ్యమిచ్చినం గదనే" అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు.

కళ్ళు తుడుచుకోగానే దీప గుర్తొచ్చింది. దసరా దాటిన ఆదివారం దీపకు మారుమనువు చేస్తున్నామని వాళ్ళమ్మ సమ్మవ్వ అప్పటికే కబురు పంపింది. ఉట్నూరు దిక్కు మనిషట, భార్య పోయింది, చిన్న పాప ఉంది. వాళ్ళకు ఫోన్ కొడితే కలవదు. బొగ్గు లేక కరెంటు లేదు, ఆ అడవిలో టవరు పనిచేయదు. బస్సులు లేవు. నీ పెళ్ళాం మెడలో ఇంకొకరు పుస్తె కట్టకముందే ఆపాలంటే మాకు నీ బండే దిక్కయింది.

ఇన్ని నెలలూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మీ బావ తుడిచి కిక్కు కొడితే ఒక్క దెబ్బకే అందుకుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

శనివారం రాత్రి దాకా ఫోన్లు కొట్టి చూసి, ఆదివారం తెల్లవారగానే బయల్దేరాం. జగిత్యాల పొలిమేరలో టైర్లు కాల్చి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తినకపోతే కదలనివ్వరు. "అక్కా, తెలంగాణ బువ్వ, తిన్నంకనే పోవాలె" అని విస్తరి చేతిలో పెట్టారు. మీ బావ జై తెలంగాణ అని అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకున్నాడు. అది దాటామో లేదో ఇంకోచోట అడ్డం రాళ్ళు, మళ్ళీ పప్పన్నం. నాకు ఓపిక పోయింది. "నా తమ్ముడు సచ్చి బతికిండు! వాని పెండ్లానికి ఇయ్యాల పెండ్లి జేస్తున్నరు! నన్ను పోనిస్తరా, పోనియ్యరా?" అని కేకలు పెట్టాను. రాళ్ళు పెట్టిన కుర్రాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఒక ముసలాయన మాత్రం లేచి రాయి పక్కకు దొర్లించి, "పో బిడ్డా, జల్ది పో" అన్నాడు.

ధర్మపురి దాటి రాయపట్నం వంతెన ఎక్కాం. నీళ్ళు నిండుగా ఉన్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను. నువ్వు బతికే ఉన్నావని నా రవికలో దాచుకున్న ఉత్తరం చెబుతోంది. అయినా ఆ నీళ్ళలో నువ్వు ఉన్నావనే నా మనసు అంటోంది. బతికున్నవాడి కోసం పోతున్నామో, పోయినవాడి పని మీద పోతున్నామో నాకే అర్థం కాలేదు.

జన్నారం దాటాక తారు రోడ్డు వదిలి అడవి బాటలోకి దిగాం. నల్లమట్టి చక్రాలకు చుట్టుకుని బండి కదలదు. మీ బావ పుల్లతో గీకడం, నేను వెనక నుంచి తొయ్యడం. ఒక వాగులో మోకాలి లోతు నీళ్ళలో బండి ఆగిపోయింది. టేకు చెట్ల కింద పట్టపగలే మసకగా ఉంది. మళ్ళీ ఎక్కి కొంత దూరం పోయాక మీ బావ తల తిప్పకుండానే అడిగాడు.

"ఇద్దరమే ఉన్నం గదనే?"

"ఇద్దరమే. ఎందుకు?"

"ఏం లేదు. బండి బరువుగ గుంజుతుంది."

నేను కొంగు దగ్గరికి లాక్కున్నాను. ఆ మాట అనకముందే నాకు వీపు వెనక ఎవరో కూర్చున్నట్టుంది. నువ్వు చలికి దగ్గినట్టు దగ్గు వినిపించింది. మస్కట్‌లో బతికున్న మనిషికి జన్నారం అడవిలో ఏం పని? మేం గడ్డిలో కాల్చినవాడు ఎవడో వాడు ఇంకా ఇంటికి చేరలేదేమో అనిపించింది. ఆ ఊరు వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దు వాలుతుండగా చేరాం. వాకిట్లో నలుగురు పెద్దమనుషులు, కొత్త చాప. పెళ్ళి ఇంకా కాలేదు. నీ మాట ముందు దీపే వినాలని, మీ బావను నోరెత్తకుండా వాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, దీప చెయ్యి పట్టుకుని కొట్టం వెనక్కి తీసుకుపోయాను. తల స్నానం చేసి ఉంది, కొత్త చీర కట్టింది. బాగా చిక్కింది. ఉత్తరం తీసి చేతిలో పెట్టాను.

పేరు చూసింది. లోపల చదవలేదు. కాగితాన్ని ఒంటికి దూరంగా పట్టుకుంది.

"బతికే ఉన్నడు పిల్లా" అన్నాను. "జైల్ల ఉన్నడు. అస్తడు."

ఏడవలేదు. ఉత్తరం తిరిగి నాకిచ్చి, చెయ్యి చీరకు తుడుచుకుంది.

"వదినా, గడ్డి అని అందరికి ఎరుకే. నాకు మాత్రం అది ఆయనే. నేనే ముట్టిచ్చిన. కాలుతుంటే చేతులు ముడుచుకున్నడు. నేను జూసిన."

"గడ్డి కాలితె ముడుసుకపోతది, పిచ్చిదానా."

"ఎరుకే. గని అప్పటిసంది రోజు అస్తడు. తలుపుకాడ నిలవడతడు. కాలిన వాసన. ఇగ రాకు, నీ కడుపు సల్లగుండ రాకు అని మొక్కుతనే ఉన్న. ఇప్పుడిప్పుడే రాకడ తగ్గింది. రేపు నిజంగ అచ్చి నా పక్కన పండితె, నేనెవని పక్కన పన్నట్టు వదినా?"

కోరుట్లలో గుమ్మం బయట నిలబడ్డ నన్ను నేనే చూసుకున్నట్టయింది. అక్కనైన నాకే అంత భయం వేస్తే, నిప్పు పెట్టిన చేతికి ఎలా ఉంటుంది?

"ఆయన మీద కోపమేం లేదు" అంది. "సల్లగుండాలె. వెయ్యేండ్లు బతకాలె. నన్ను మాత్రం తోల్కపోకు. మా అవ్వకు జెప్పకు. జెప్తె నా రెక్కలు వట్టి మీ బండి మీద కూసోవెడ్తది."

ఇంతసేపూ నేను చెప్పలేకపోయింది ఇక్కడుంది తమ్మీ. ఒక్క కేక వేస్తే ఆ పెళ్ళి ఆగేది. ఉత్తరం నా దగ్గరే ఉంది. నేను కేక వేయలేదు. ఆమె వెంట వాకిట్లోకి వచ్చి ఆడవాళ్ళలో కూర్చున్నాను. సమ్మవ్వ నన్ను పట్టుకుని, "నీ తమ్ముని మర్వకుంట అచ్చినవా బిడ్డా" అని ఏడిస్తే, కొత్త చీర పెట్టి పోదామని వచ్చానని అబద్ధం ఆడాను. వాళ్ళలో మారుమనువుకు ముందు మొదటి మగని ఇంటివాళ్ళను అడగడం ఆచారం. ఎవరూ లేకపోతే మూడుసార్లు పిలిచి ఊరుకుంటారు. ఆ రోజు నేనున్నాను కాబట్టి పెద్దమనిషి నా వైపు తిరిగి, "మీ ఇంటి పిల్ల, ఇడిసిపెడ్తున్నరా? సమ్మతమేనా?" అని అడిగాడు.

మీ బావ నా మొహంలోకి చూశాడు. దీప తల ఎత్తలేదు.

"సమ్మతమే" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. దీపను తిట్టుకోకు. ఎవరినైనా తిట్టాలనిపిస్తే నన్ను తిట్టుకో. కడుపులో పెట్టుకుని పెంచిన తమ్ముడికి ఇలా చేశానే అని నాకు రోజూ అన్నం సయించడం లేదు. మళ్ళీ ఆ వాకిట్లో కూర్చోబెట్టి అడిగినా మాత్రం అదే అంటానేమోనని నా భయం.

ఇది రాయొద్దని, నువ్వు దిగినాక నెమ్మదిగా చెబుదామని మీ బావ అన్నాడు. నీ సంగతి నాకు తెలియదా? విమానం దిగి ఇంటికి కూడా రాకుండా నేరుగా ఆమె దగ్గరికే పోతావు. నిన్ను వాకిట్లో చూస్తే ఆ పిల్ల గుండె ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. కర్మ జరిగిన మనిషి ఇంట్లో కాలు పెట్టాలంటే మళ్ళీ పుట్టినట్టు స్నానం చేయించి, పేరు పెట్టి, ఒక తల్లి ఒడిలో కూర్చోబెట్టాలని వేములవాడ అయ్యగారు చెప్పాడు. అవ్వ లేదు కాబట్టి నేను కూర్చుంటాను. నేను నీ బరువు మోయలేనని మీ బావ నవ్వుతున్నాడు, నవ్వనీ.

సమ్మె ముగిసింది, బస్సులు అన్ని దిక్కులా నడుస్తున్నాయి. ఏ బస్సు ఎక్కినా సరే, నా దగ్గరికి రా. జన్నారం బస్సు మాత్రం ఎక్కకు తమ్మీ.

ఇట్లు,
నిన్ను ఒకసారి నీళ్ళలో కలిపి, మళ్ళీ ఎత్తుకోవడానికి ఎదురుచూస్తున్న
మీ అక్క
ఇంద్రమ్మ